కిరాయి బండిలో నాలుగు మేకులు

1994 ఎండాకాలం. అప్పుడు నేను చంద్రపూర్‌లో మోటారు సర్వేయర్‌ని. సర్వేయర్ అనగానే భూములు కొలిచేవాడు అనుకుంటారు. మా పని వేరు. గుద్దుకున్న లారీకి నష్టం ఎంతో ఇన్సూరెన్స్ వాళ్లకు రాసివ్వాలి. అమ్మకానికి పెట్టిన బండి విలువ ఎంతో తేల్చాలి. ఈ రెండో పనిని వాల్యుయేషన్ అంటారు. ఆ ఏళ్లలో అది బాగా పెరిగింది. ఒకవైపు కొత్త కార్లు దిగుతున్నాయి, ఇంకోవైపు బొంబాయి వ్యాపారులు పాత బండ్ల కోసం విదర్భ అంతా గాలిస్తున్నారు.

మాది రాజురా తాలూకాలో ఒకప్పటి దేశ్‌ముఖుల ఇల్లు. నిజాం కాలంలో మా తాతగారి షెడ్డులో మూడు కార్లు ఉండేవట. భూముల సీలింగ్ చట్టం వచ్చాక షెడ్డు ఒక్కటే మిగిలింది. పరాయివాళ్ల బండ్లకు వెల కట్టడం మా వంశంలో ఎవరూ చేసిన పని కాదు. చేయవలసి వచ్చింది గనుక తలెత్తుకునే చేశాను. చూడనిది చూశానని రాయలేదు. చూసినదాన్ని వదలలేదు.

ఇది బాబుపేట్‌లో ఉండే శంకరమ్మ కేసు. ఆమె భర్త ఓదెలు బొగ్గుగని వర్క్‌షాపులో మెకానిక్. అంతకుముందు వానాకాలంలో జ్వరంతో పోయాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక అమెరికన్ కారు మిగిల్చిపోయాడు. నల్లరంగు, మీద రెండు బంగారు చారలు, రెండే తలుపులు, ఎడమవైపు స్టీరింగు. గని యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజినీరు దాన్ని ఓడలో తెచ్చుకున్నాడు. వెళ్లిపోతూ వదిలేస్తే, అది రెండు చేతులు మారి చివరికి పాత ఇనుము కింద ఓదెలుకు దొరికింది. పెట్రోలు తాగే ఆ బండిని తెచ్చుకున్నందుకు కాలనీ అంతా అతన్ని ఎగతాళి చేసింది. ఇప్పుడది అమ్ముడుపోతే మరిది మల్లేశం ఆ జాగాలోనే బండ్ల సొట్టలు తీసే సొంత డెంటింగ్ షెడ్డు పెట్టుకుంటాడు, శంకరమ్మ తన ఇంట్లో తాను ఉంటుంది. పోకపోతే ఇల్లు వదిలి, కోర్పనాలో అన్న పంచన చేరాలి.

గుర్తులు సరిపోతే కొంటానని ధర ఒప్పుకున్న బొంబాయి సేటు నాతో ఎస్‌టీడీ బూత్ ఫోనులో మాట్లాడాడు. మామూలుగా కిరాయికి తిరిగిన బండి అంటే విలువ పడిపోతుంది. ఎవరి సొత్తూ కాదు గనుక ఎవరూ జాలిపడరు. కానీ అరవైలలో అమెరికాలో ఒక కిరాయి కంపెనీ తనకోసం ప్రత్యేకంగా కొన్ని వేగపు కార్లు, తన రంగులో, తన చారలతో చేయించుకుంది. చేసినవే తక్కువ. జనం వాటిని తుక్కుతుక్కుగా తోలారు. ఇంజన్లు మార్చేశారు, రంగులు మార్చేశారు. ఒంటిమీద ఆ కిరాయి గుర్తులతో మిగిలినవి చాలా అరుదు. అందుకే వాటికి ఇప్పుడు గిరాకీ. "ముందు ఛాసిస్ నంబరు చూడండి," అన్నాడు సేటు. "తర్వాత వెనకసీటు ముందర కార్పెట్ లేపి, అడుగు రేకు చూడండి."

నేను వెళ్లింది మిట్టమధ్యాహ్నం. వీధిలో మనిషి లేడు. గోడల మీద బొగ్గుదుమ్ము ఎండకు మెరుస్తోంది.

"దొరా, నిలబడ్డరేంది? కుర్సీల కూసోండ్రి," అంది శంకరమ్మ. వాళ్ల పెద్దలు మా ఊరివాళ్లే. ఆ పిలుపు ఆమె మానలేదు, నేను మానమనలేదు.

"కూసునేటందుకు రాలే శంకరమ్మా. బండి చూస్త."

నంబరు సరిగ్గా ఉంది. డ్రైవరు తలుపు తీశాను. సీటు పూర్తిగా వెనక్కి జరిగి ఉంది.

"చూసిండ్రా?" అంది ఆమె మెల్లగా. "మా ఆయన పొట్టోడు. సీటు ముందట్కి గుంజుకొని తోలేటోడు. ఆయన పోయినంక రోజు పొద్దుమూకి నేను ముందట్కి జరుపుత. తెల్లారెసరికి ఎన్కకు పోతది. పొడుగు కాళ్లోడు ఎవడో కూసున్నట్టు."

సీటు కింద పట్టాల పళ్లు చూశాను. అరిగి నున్నగా అయ్యాయి. షెడ్డు నేల వెనక్కి వాలుగా ఉంది. "దయ్యం లేదు, గియ్యం లేదు. కిరాయికి తీస్కున్న ప్రతోడు తన కాళ్లకు సరిపోను జరుపుకున్నడు. పళ్లు అరిగినయ్. దానంతటదే జారుతది."

"ఎంతమంది జరిపి ఉంటరు దొరా?"

"ఎవరికెరుక? మస్తు మంది."

"గదే నేననేది," అంది శంకరమ్మ. "మస్తు మంది."

నేను కార్పెట్ మీద చెయ్యి వెయ్యబోయాను. మల్లేశం ఒక్క అరుపు అరిచాడు. "గది లేపకుండ్రి! దండం పెడ్త దొరా!"

విషయం అప్పుడు బయటపడింది. ఓదెలు పోయాక బండి కడుగుతుంటే కార్పెట్ కింద నాలుగు మూలలా నాలుగు గుండ్రటి ఇనుప మచ్చలు కనపడ్డాయని మల్లేశం ఒట్టుపెట్టి చెప్పాడు. మా వైపు ఇంట్లో పీడ ఉందనుకుంటే నాలుగు మూలలా ఇనుప మేకులు దిగగొట్టి దాన్ని కట్టేస్తారు. వీళ్లకు ఆ మచ్చలు అరగదీసిన మేకు తలల్లా కనిపించాయి. గోండ్‌పిప్రి దిక్కునుంచి భగత్‌ని, అంటే దయ్యాలు వదిలించేవాణ్ని, పిలిపించారు. ఆ రేకు కోసి వర్ధా నదిలో పడేస్తేనే విడుపు అని అతను చెప్పిపోయాడు. షెడ్డు మూలన గ్యాస్ కటింగ్ సిలిండర్ సిద్ధంగా ఉంది.

"రేపు కోస్త," అన్నాడు మల్లేశం. "దయ్యాన్ని లోపట పెట్టి అమ్ముడు పాపం గాదా? కొనేటోడు సుత పిల్లలు గలోడే."

"నేను చూడంది రాయ, మల్లేశం. మూసిపెడ్తే ఇప్పుడే పోత."

శంకరమ్మ కొంగు నడుముకు చెక్కుకొని, తనే వంగి కార్పెట్ లేపింది.

నాలుగు మచ్చలు. రూపాయి బిళ్లంత. వంగి వేలితో తడిమాను. అవి మేకులు కావు, వెల్డింగ్‌తో పూడ్చిన రంధ్రాలు. ఒకప్పుడు అక్కడ రోల్‌బార్ బిగించారు. రోల్‌బార్ అంటే సీట్ల వెనక కమానులా నిలబెట్టే ఇనుప కమ్మి. ఆ కాలంలో కొందరు ఈ కార్లను కిరాయికి తీసుకుని, కమ్మి బిగించి, మోటారు పందెంలో తోలేవాళ్లట. తర్వాత కమ్మి ఊడదీసి, రంధ్రాలు పూడ్చి, ఏమీ ఎరగనట్టు తిరిగి అప్పగించేవాళ్లట. ఆ దొంగతనపు గుర్తే నేడు సేటు వెతుకుతున్న సాక్ష్యం. దాన్ని కోసేస్తే మిగిలేది ఒక నల్ల కారు.

ఇదంతా చెప్పాను. మల్లేశం సిలిండర్ మీద కూలబడి నవ్వాడు. "వదినె, నీ దయ్యం నా లెక్కనే వెల్డింగోడే! పని సుత ఏం సాపుగ లేదు."

శంకరమ్మ నవ్వలేదు. "ఆ కమ్మి ఎందుకు పెడ్తరు దొరా?"

"బండి పల్టీ కొడ్తే తోలేటోని తల నలగకుండ."

"మరి కొట్టిందా?"

ఆ ప్రశ్న నన్ను సేటు అడగలేదు. నేనూ వేసుకోలేదు. జేబులోంచి అయస్కాంతం తీశాను. పుట్టీ, అంటే సొట్టలు పూడ్చే ముద్ద, ఎక్కడ మందంగా ఉందో దానితో తెలుస్తుంది. ఇనుము మీద అంటుకుంటుంది, పుట్టీ మీద నిలవదు. తలుపులకు అంటుకుంది. బానెట్‌కు అంటుకుంది. డ్రైవరు నెత్తిమీది టాపుకు ఆనిస్తే జారి మట్టిలో పడింది. మళ్లీ ఆనించాను. మళ్లీ పడింది. లోపల గుడ్డ కింద చెయ్యి పెట్టి తడిమితే, సుత్తితో కొట్టి పైకి లేపిన రేకు అలలు అలలుగా తగిలింది. టాపు దాదాపు సీటు తలదాకా దిగి ఉండాలి.

కమ్మి ఉంటే అంత లోతుకు దిగదు. పుట్టీ మీదికి కూడా కంపెనీ చారలే వచ్చాయి గనుక ఇది కిరాయి రోజుల మాటే. అంటే పందెం వాళ్లు కమ్మి తీసేసుకుని పోయాక, ఆ రంధ్రాల సంగతి తెలియని మరెవరో ఈ బండిని కిరాయికి తీసుకున్నారు. వాళ్ల చేతిలో అది బోర్లాపడింది.

ఆ రేకుల షెడ్డు పొయ్యిలా కాలుతోంది. శంకరమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "మనిషి బతికిండా?"

"తెల్వదు."

"దొరా, టాపు సంగతి రాయకుండ్రి," అన్నాడు మల్లేశం. "అడుగు రేకు రాయుండ్రి, సాలు. మీకు పుణ్యం ఉంటది."

"చూసిన. రాస్త," అని బయటికి వచ్చాను.

వారం తిరగకముందే సేటు లారీతో దిగాడు. కమ్మి తీశాక కిరాయిలో పల్టీ కొట్టిందని రాసిన నా రిపోర్టు చదివాడు. అయస్కాంతం అడిగి తీసుకుని, తనే టాపుకు ఆనించి చూశాడు. అతని ముఖం వెలిగింది. పందెంలో పల్టీ కొట్టి బతికిన బండికి కొనేవాళ్లు ఎగబడతారని హిందీలో అన్నాడు. 'పందెంలో ప్రమాదం' అని ఒక్క మాట మార్చి రాయమన్నాడు. కిరాయికి తీసుకున్న ఎవరో అనామకుడు దారిలో నలిగిపోయాడంటే అది శకునం మంచిది కాని బండి అవుతుంది. అప్పుడు తాను కొనడం కష్టమన్నాడు.

మల్లేశం నా వైపు ఆశగా చూశాడు. రాయనని చెప్పాను.

శంకరమ్మకు హిందీ బాగా వచ్చు. "మనిషి పోయిన తీరును బట్టి రేటు మారుతదా దొరా?" అంది. తర్వాత ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. "కొంటె కొనుమను, లేకుంటె లేదు. పోయినోనికి దినం ఎవరన్న చేసిండ్రో లేదో. ఒక్క పూట పెట్టినంకనే బండి కదులుతది. అమెరికోళ్లు ఏం తింటరు?"

"డబుల్ రొట్టె తింటరు," అన్నాడు మల్లేశం గొంతు తగ్గించి.

రొట్టె, వెన్న, గ్లాసెడు పాలు బానెట్ మీద పెట్టింది. బండిని షెడ్డు బయటికి తోశారు. అందరం దూరంగా నిలబడ్డాం. పెట్టింది కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడికి ఏదో మిగిలిపోయిందని అర్థం. అప్పుడు అయినవాళ్లు ముందుకు వచ్చి, అదేదో తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. మాకు తెలిసిన పద్ధతి ఇదే. కరెంటు వైరు మీద కాకులు వరుసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. అరవను కూడా అరవలేదు. వెన్న కరిగి నల్లటి రేకు మీద కారింది.

"అన్నా, నువ్వెవ్వడవైతేంది, నీ బండికి గ్యాస్ కట్టరు పెట్ట," అన్నాడు మల్లేశం. కాకులు కదలలేదు. సేటు ఏదో గొణిగాడు. కదలలేదు. అతని నుదుటి మీద చెమట పట్టింది.

అప్పుడు శంకరమ్మ నా వైపు తిరిగింది. మా ఇంట్లో ఊరూపేరూ లేనివాడి ముందు చేతులు జోడించిన మనిషి లేడు. నేను టోపీ తీసి, రెండు అడుగులు ముందుకు వేసి, చేతులు జోడించాను.

"నీ పేరు నాకెరుక లేదు. నువ్వు పందెంల పోలేదు. కమ్మి తీసిన సంగతి నీకు ఎవ్వరు చెప్పలే. నేను గదే రాసిన. ఎవరడిగిన మార్చ."

వైరు మీదినుంచి ఒక కాకి దిగింది. బానెట్ మీద నడిచి, రొట్టె ముక్క నోట కరుచుకుని, డ్రైవరు వైపు టాపు మీద వాలి తిన్నది. ఎండలో కాకులకు ఆకలి ఆలస్యంగా వేస్తుందేమో. ఎవరైనా అలా అంటే నేను వాదించను.

కాకి ముట్టింది గనుక ఇక శకునం భయం లేదనుకున్నాడేమో, సేటు నుదురు తుడుచుకుని, నా రిపోర్టును అక్షరం మార్చకుండా తీసుకుని, ముందు ఒప్పుకున్న ధరకే బండిని లారీ ఎక్కించాడు. శంకరమ్మ ఆ ఇల్లు వదల్లేదు. మల్లేశం షెడ్డు లేచింది.

ఇలాంటి బండ్లకు విలువ ఎందుకని నన్ను ఇప్పటికీ అడుగుతారు. తక్కువ చేశారు గనుక, చారలు ఉన్నాయి గనుక, నంబర్లు కలిశాయి గనుక అని చెబుతాను. అవి నిజమే. కానీ సొంతం కాని బండి మీద మనుషులు తమ గుర్తు వదిలి పోయారు, కొనేవాడు వెల ఇచ్చేది ఆ గుర్తులకు. అందులో కొన్ని గుర్తులు వదిలినవాళ్లు తిరిగి ఇంటికి చేరి ఉండరు. ఆ తర్వాత నేను రాసిన ప్రతి రిపోర్టులో యజమానుల పేర్ల కింద ఒక వాక్యం చేర్చాను. ఏ ఆఫీసూ దాన్ని అడగలేదు, నేను తీసెయ్యలేదు: 'ఈ బండిని ఇంకా ఇతరులు తోలారు. వారి పేర్లు తెలియవు.'