తీగ గుచ్చి చూసిన మిషన్

ఆఫీసులో అతన్ని అందరూ స్విచ్చాఫ్ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. చెవి మిషన్లు తయారుచేసే కంపెనీలో, మిషన్‌ను లోపలి నుంచి నడిపించే కెర్నెల్ అనే ప్రోగ్రాముకు కరెంటు పొదుపు నేర్పడం అతని ఉద్యోగం. మిషన్‌లో ప్రతి భాగం వెనకా ఒక క్లాక్ టకటకా కొట్టుకుంటూ ఉండాలి. అది ఆగితే ఆ భాగం నిద్రపోతుంది, బ్యాటరీ మిగులుతుంది. అవసరం లేని క్లాక్‌ను ఠక్కున ఆపెయ్యడంలో మనవాడిది అందె వేసిన చెయ్యి. ఇంట్లోనూ అదే వరస. భార్య గదిలో ఉండగానే ఫ్యాను కట్టేసి తిట్లు తింటూ ఉంటాడు మహానుభావుడు.

కొత్త మిషన్ ముందుగా, వినికిడి తక్కువైన తన అక్కకే పెట్టాడు. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఎవరి సిఫార్సూ లేకుండా సంపాదించుకున్న ఉద్యోగం, అదంటే ఆవిడకు ప్రాణం.

కొన్నాళ్లకే అంది: "ఒరేయ్, కాసేపు నిశ్శబ్దంగా ఉంటే చాలు, ఆ తర్వాత ఎవరు పలకరించినా మొదటి మాటలు వినపడట్లేదురా."

అతను మిషన్‌ను ఆఫీసుకు పట్టుకెళ్లి, లోపల ఏం జరుగుతోందో కంప్యూటర్లో చూపించే తీగ దానికి గుచ్చి పరీక్షించాడు. నిక్షేపంలా ఉంది. ఆవిడ మళ్లీ చెప్పింది, అతను మళ్లీ తీగ గుచ్చే చూశాడు.

"మిషన్‌కేం రోగం లేదక్కా. నీ ధ్యాసే ఎక్కడో ఉంటోంది."

ఇంతలో, పిలిస్తే పలకడం లేదని పేషెంట్లు గొడవ పెట్టారు. డాక్టరు పాపం మంచివాడే, ఒక ఆదివారం తమ్ముడికే ఫోన్ చేసి అడిగాడు. అప్పుడతను అక్క ఇంటి వరండాలో ఉన్నాడు. "మిషన్ నేనే చూశానండీ, బ్రహ్మాండంగా ఉంది. మా అక్కకే కాస్త పరధ్యానం" అంటూ మొదలుపెట్టి, చిన్నప్పటి నుంచీ ఇంతేనని కూడా చెప్పుకొచ్చాడు. అడగని మాటలు చెప్పడానికి ఎక్కడ లేని ఓపిక! ఆ వారమే ఆవిడ ఉద్యోగం పోయింది. మిషన్ తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

మర్నాడు ఆఫీసులో ఆ తీగ ఎవరో పట్టుకుపోయారు. సరేనని మిషన్ తన చెవిలోనే పెట్టుకుని, రెండో చెవి వేలితో మూసుకుని కాసేపు నిశ్శబ్దంగా కూర్చున్నాడు. పక్క సీటావిడ వచ్చి ఏదో అడిగింది. చివరి "వస్తున్నారా" ఒక్కటే వినపడింది.

అప్పుడు వెలిగింది అతనికి. తీగ గుచ్చి ఉన్నంతసేపూ కెర్నెల్ ఏ క్లాక్‌నూ ఆపదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే తను చెప్పే పాఠం అది. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే మైకు క్లాక్‌ను ఆపమన్నది తనే, ఆపితే మైకు మళ్లీ లేచేలోపు ఎన్ని మాటలు పోతాయో ఒక్కసారీ చూడనిదీ తనే. సిగ్గుతో చచ్చిపోయాడు. డాక్టరుకు ఫోన్ చేసి నిజం చెప్పాడు. అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నారట.

మైకు క్లాక్ ఇక ఆగకుండా సరిచేసి, సాయంత్రం అక్క చెవిలో మిషన్ పెట్టాడు. ఆవిడ ఉతికిన బట్టలు మడత పెట్టుకుంటూ ఉంది. చాలాసేపు ఊరుకుని, వెనక నుంచి మెల్లగా పిలిచాడు.

"అక్కా."

ఆవిడ వెంటనే తిరిగి చూసింది.

"నీ ధ్యాస తప్పు కాదక్కా. తప్పంతా నాదే, నిశ్శబ్దంగా ఉంటే మిషన్‌ను నిద్రపొమ్మన్నది నేనే. డాక్టరుగారికి కూడా చెప్పాను."

ఆవిడ చేతిలోని దుప్పటి మడత పూర్తిచేసి పక్కన పెట్టింది.

"ఆ ఆదివారం ఆయనతో మాట్లాడావు చూడు, అప్పుడు నేను తలుపు వెనకే ఉన్నాను. ఆపకుండా మాట్లాడావు కదా, మిషన్ నిద్రపోలేదు. ఒక్క మాట కూడా పోలేదురా."