ఆ గుమ్మడికాయ కాఫీని రుచి చూడనిది నేను

2007 రంజాన్ నెలలో, బహ్రెయిన్ రాజధాని మనామాలోని ఒక మాల్‌లో మా కాఫీ షాపు ఉండేది. ఒక సాయంత్రం అక్కడ చెడిపోయిన కాఫీ అమ్మాం. తాగినవాళ్లలో ఒక పెద్దావిడ టేబుల్ దగ్గరే వాంతి చేసుకుంది. కాఫీ కలిపిన యూసుఫ్ రోజా, అంటే రంజాన్ ఉపవాసం, సాకు చెప్పి రుచి చూడకుండా పని ఎగ్గొట్టాడని కంపెనీ అంతా చెప్పుకుంది. అది అబద్ధం. ఆ రోజు రుచి చూడవలసింది నేను. చూడకుండానే చూశానని చెప్పాను. అడిగినప్పుడు నోరు విప్పలేదు. పైగా ఆ అబద్ధాన్ని కొత్తవాళ్లకు పాఠంగా కూడా చెప్పాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు కువైట్, ఖతర్ షాపుల్లో ఇప్పటికీ ఆ కథే చెబుతున్నారని ఈ మధ్య తెలిసింది. అందుకే రాస్తున్నాను.

నేను అక్కడ షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. అంటే ఒక పూట షాపులో ఏం జరిగినా జవాబు చెప్పుకోవలసిన మనిషిని. యూసుఫ్ బారిస్టా, కాఫీ కలిపేవాడు. మాది భీమవరం, అతనిది కోరుట్ల. షాపులో తెలుగు మాట్లాడుకునేది మేమిద్దరమే.

ఆ సెప్టెంబరులో కంపెనీ ఆకురాలు కాలం పేరుతో ‘గుమ్మడికాయ కాఫీ’ని దింపింది. కాఫీలోకి పాలు, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ కలిపి చేసిన తియ్యటి సాస్, పైన మీగడ నురుగు. పేరు గుమ్మడికాయది, ఉన్నది మసాలా. దానితోపాటు డబ్బాల నిండా ఎర్రటి, గోధుమరంగు కాగితపు ఆకులు, ఒక ప్లాస్టిక్ చెట్టు, దానికి చుట్టడానికి బల్బుల తోరణం పంపారు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బయట కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. బహ్రెయిన్‌లో ఏ చెట్టుకు ఆకులు ఎర్రబడి రాలతాయి? అయినా జనం విరగబడ్డారు. ఏసీ గదిలో శాలువాలు కప్పుకుని, వేడి కప్పులు పట్టుకుని ఫొటోలు దిగేవారు. సాస్ అయిపోయిందంటే మేమేదో దాచుకున్నట్టు తిట్టేవారు. “అమెరికాలో తాగిన రుచి రాలేదు” అని ఒకాయన కప్పు వెనక్కి నెట్టాడు. అమెరికా ఎప్పుడు వెళ్లారని అడిగితే, వాళ్ల బావమరిది వెళ్లాడన్నాడు.

యూసుఫ్ మాత్రం నవ్వేవాడు. “మా ఊర్ల గుమ్మడికాయ దిష్టికి కడ్తరన్నా. ఈళ్లు పైసలిచ్చి తాగుతున్నరు. దిష్టంత కడుపులకే పోతది ఇగ” అనేవాడు.

మా పనిలో ‘టేస్ట్ చెక్’ అని ఒక నియమం ఉంది. సాస్ కలిపిన ప్రతిసారీ, అమ్మకానికి పెట్టేముందు ఒకరు చెంచాతో రుచి చూసి బాగుందని చెప్పాలి. మామూలు సాస్‌లో పాలు విరిగితే ముక్కుకే తెలుస్తుంది. ఈ సాస్‌లో మసాలా వాసన అన్నిటినీ కప్పేస్తుంది. పులిసిందో లేదో నాలుకకే తెలియాలి. రంజాన్‌లో పగలు షాపు మూసి ఉంటుంది. సాయంత్రం ఉపవాసం విరమించే ఇఫ్తార్ తర్వాత తెరుస్తాం. కానీ సాస్ కలపడం, పాలు సర్దడం లాంటి పనులన్నీ మధ్యాహ్నమే చేసిపెట్టుకోవాలి. వీటినే మేం ప్రెప్ అంటాం. అప్పుడు యూసుఫ్ రోజాలో ఉంటాడు.

“నాలుక మీద పెట్టి ఉమ్మేస్తే రోజా పోదట కదా?” అని మేనేజరు ఒకసారి అడిగాడు.

“కొందరు అట్లనే అంటరు సార్. నా మనసు ఒప్పుకోదు” అన్నాడు యూసుఫ్.

నేను కలగజేసుకుని, “ఆ పని నేను చూసుకుంటాను సార్” అన్నాను. ఏర్పాటు అది. కలిపేది అతను, రుచి చూసేది నేను. మేనేజరు తల ఊపి వెళ్లిపోయాడు. నెల మొదట్లో కొన్నాళ్లు శ్రద్ధగానే చేశాను. ఆ తీపి నాలుకకు అంటుకుని సాయంత్రం దాకా వదిలేది కాదు. నాకు వెగటు పుట్టింది.

ఆ రోజు కంపెనీ పెద్దలు షాపు చూడటానికి వస్తారని మేనేజరు హడావుడి. నన్ను నిచ్చెనెక్కించి కాగితపు ఆకులు కట్టిస్తున్నాడు. కింద నుంచి యూసుఫ్ పిలిచాడు.

“ప్రకాశన్నా, సాస్ కలిపిన. పాల సీసా జర వెచ్చగ కొట్టింది. మంచిగ చూడు.”

“సరే, అక్కడ పెట్టు.”

కాసేపటికి మళ్లీ అడిగాడు. “చూసినవా?”

“చూశాలే భాయ్, బాగుంది” అన్నాను. నిచ్చెన కూడా దిగలేదు.

సాయంత్రం యూసుఫ్ ఖర్జూరం, నీళ్లతో రోజా విరమించి నేరుగా మెషిన్ ముందుకొచ్చాడు. తలుపు తీసేసరికే వరస కట్టారు. మొదటి కప్పులు వెళ్లిన కాసేపటికే గొడవ మొదలైంది. పైన తియ్యటి నురుగు, కింద పులిసిన పాలు. ఇద్దరు అమ్మాయిలు వాళ్ల అమ్మమ్మను వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడే వాంతి చేసుకుంది. అదృష్టం, అంతకు మించి ఏమీ కాలేదు. మనవరాలు కౌంటరు మీద కప్పు కొట్టి, ఇది చేసింది ఎవరని అరిచింది.

మేనేజరు యూసుఫ్ భుజం పట్టుకుని ముందుకు లాగాడు. అందరి ఎదుటా!

“రుచి చూశావా?”

“రోజాల ఉన్న సార్. చూసిండ్రని చెప్పిండ్రు.”

“ఎవరు చెప్పారు?”

యూసుఫ్ నా వైపు చూశాడు. నేను కౌంటరు తుడుస్తున్నాను. శుభ్రంగా ఉన్న కౌంటరును!

యూసుఫ్ తల దించుకున్నాడు. ఏర్పాటు సంగతి మేనేజరుకు తెలుసు. ఆయన కూడా నన్ను అడగలేదు. ఎందుకు అడగలేదో ఆ రాత్రి గిన్నెలు సర్దుతుంటే తెలిసింది. సాస్‌లో కలిపే పాలు పెట్టే చిన్న ఫ్రిజ్ ప్లగ్గు ఊడి కింద పడి ఉంది. అది ఉండాల్సిన సాకెట్‌లో చెట్టు బల్బుల ప్లగ్గు ఉంది. ముందురోజు దాన్ని పెట్టింది మేనేజరే. లేని ఆకురాలు కాలం వెలగాలని ఉన్న పాలను పులియబెట్టాడు. నేను ఫ్రిజ్ ప్లగ్గు మళ్లీ పెట్టి, ఎవరికీ చెప్పలేదు. ఆయన తప్పు నేను దాచాను, నా తప్పు ఆయన దాచాడు. మేమిద్దరం ఆ విషయం ఒక్క మాటైనా అనుకోలేదు. మరుసటి రోజు ఆయన పెద్దలకు చెప్పిన మాట ఇది: “రోజా పేరు చెప్పి పని ఎగ్గొట్టాడు.” నేను పక్కనే ఉన్నాను.

యూసుఫ్‌ను హిద్‌లోని కంపెనీ గోడౌన్‌కు, పెట్టెలు మోయడానికి పంపారు. వెళ్లేముందు ఏప్రన్ విప్పి నా చేతికిచ్చాడు.

“నువ్వు చెప్తవనుకున్నా అన్నా. నేను చెప్తే చాడీ అయితది, నువ్వు చెప్తే నిజమైతుండె. రోజా ఉన్నది నాకు. నీ నోటికి ఏమైంది?”

ఏప్రన్ మడిచి సొరుగులో పెట్టాను. కొన్నాళ్లకు నన్ను కొత్తవాళ్లకు నేర్పే ట్రైనర్‌ని చేశారు. నా క్లాసులో టేస్ట్ చెక్ గురించి చెప్పేటప్పుడు, పేరు చెప్పకుండా, “రోజా సాకుతో రుచి చూడని ఒక బారిస్టా” కథ చెప్పేవాణ్ణి. నవ్వించేవాణ్ణి కూడా. ఆ కథ పట్టుకునే తర్వాతి రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్లను ప్రెప్ నుంచి తీసేశారు. వాళ్ల డ్యూటీ తగ్గింది. చెయ్యని తప్పుకు ఒక మనిషికి శిక్ష వేసి ఆగలేదు, ఉపవాసం ఉన్న ప్రతివాడినీ అనుమానించడం మొదలుపెట్టారు. ఆ అనుమానాన్ని అరువిచ్చింది నేను.

రెండేళ్ల తర్వాత ఒక క్లాసులో, పిల్లల తల్లి అయిన ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ చెయ్యెత్తింది. “రోజా ఉన్నవాడు రుచి చూడలేడని మీకు ముందే తెలుసు కదా సర్. మరి ఆ రోజు చూడాల్సింది ఎవరు?” అంది. అన్నాళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. టీ విరామం అని చెప్పి బయటికొచ్చేశాను.

యూసుఫ్ గోడౌన్ వదిలి ఈసా టౌన్‌లో స్కూలు బస్సు నడుపుతున్నాడని తెలుసుకుని, పిల్లల్ని వదిలే వేళకు ముందే వెళ్లాను. బస్సుల నీడలో డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. యూసుఫ్ నన్ను చూసి లేవలేదు.

“ఏం ప్రకాశన్నా, పెద్ద సారువైనవంట. అంగి మంచిగున్నది. ఏం పని మీద వచ్చినవ్?”

దగ్గరికెళ్లి మెల్లగా అన్నాను. “నాది తప్పు యూసుఫ్ భాయ్. క్షమించమని అడగడానికి వచ్చాను.”

“గంత మెల్లగ చెప్తున్నవేందే? నా మీద ముచ్చట గింత మెల్లగ తిరగలే.” నవ్వుతూనే అన్నాడు కానీ కళ్లు నవ్వడం లేదు. పక్కనున్న ఇద్దర్ని చూపించాడు. “వీళ్లు నా రూమోళ్లు. తెల్లారక ముందు సహరీ తినేతందుకు నన్ను ఎట్ల లేపేటోళ్లో ఎర్కనా? ‘లే, సాకు రోజా, లే’ అని. నౌకరి పోతే ఇంకోటి దొరికింది. నా రోజా మీద వడ్డ మాట ఎట్ల పోతది? నాకు గాదు, వీళ్లకు చెప్పు.”

డ్రైవర్లు చాయ్ కప్పులు పట్టుకుని నా వైపు చూశారు. నేను అందరికీ అర్థమయ్యేలా హిందీలో, ఈసారి గొంతెత్తి చెప్పాను. “ఆ కాఫీ రుచి చూడాల్సింది ఇతను కాదు, నేను. సీసా వెచ్చగా ఉందని కూడా ఇతను చెప్పాడు. నేను చూడకుండానే చూశానన్నాను, అడిగితే దాక్కున్నాను. యూసుఫ్ ఏ సాకూ చెప్పలేదు. అతని రోజాను అబద్ధం చేసింది నేను. యూసుఫ్ భాయ్, నన్ను క్షమించు.”