బాబా మియా సారు గీత

బాబా మియా సారు తన సర్వీసు మొత్తంలో ఒక్క గీత తిన్నగా గీయలేదు.

నల్లగొండలో, ప్రైమరీ బడి పంతుళ్లు కాబోయేవాళ్లకు ఆటలు నేర్పడం ఆయన ఉద్యోగం. పరుగు పందెమంటే చాలు, సున్నపు డబ్బా పట్టుకుని మైదానానికి అడ్డంగా నడిచేవారు. ఆయన వెనక పందెం మొదలయ్యే గీత పడేది. ఒకచోట ముందుకు ఉబికేది, ఇంకోచోట వెనక్కి పోయేది.

“మియా సాబ్, గిది గీతనా, వాగునా?” అనేవారు ప్రిన్సిపాల్ వెంకటరాజం.

“చెయ్యి వణుకుతది సార్.”

“దవాఖానకు పోరాదు?”

“పోయిన సార్. డాక్టరు రాసిన చీటీ నా గీత కన్న వంకరున్నది.”

ఎనభై ఏడులో శిక్షణకు వచ్చిన లీలమ్మది పోచంపల్లి. మగ్గాల ఇల్లు. పోగు వెంట్రుకవాసి జరిగిందంటే వాళ్ల నాయిన తింటున్న అన్నం వదిలి లేచేవాడు. అలాంటి ఇంట్లో పెరిగిన కళ్లకు సారు గీత రోజూ నలుసులా గుచ్చుకునేది. చిరిగిన బంతులను సారే కుట్టేవారు. ఆ కుట్లు మాత్రం చీమల బారులా తిన్నగా ఉండేవి. బంతి మీద వణకని చెయ్యి నేల మీద ఎందుకు వణుకుతుందో ఆమెకు అంతుబట్టలేదు.

ఎవరు ఎక్కడ నిలబడాలో కూడా సారే చెప్పేవారు.

“బక్కయ్యా, నువ్వు గా ముందటి ఒంపుల నిలబడు. గాడ నీడున్నది.”

లీలమ్మతో పాటు శిక్షణకు వచ్చినవాడు, పేరుకే బక్కయ్య. తూస్తే క్వింటాలు. మైదానంలో ఒక్క చెట్టు లేదు.

“నీడేది సార్?”

“వస్తది తియ్యి. ఉరుకు.”

అందరూ ఇంచుమించు ఒకేసారి అవతలి తాడు దాటేవారు.

“ఎవరు గెలిచిండ్రు సార్?”

“నాకు అగుపడలే. మల్ల ఉరుకుండ్రి.”

“చెయ్యే గాదు, సారుకు కండ్లు గూడ పోయినయ్,” అని అందరికంటే పెద్దగా నవ్వేది బక్కయ్యే. చిన్నప్పుడు ఆటల గంట కొట్టగానే కడుపునొప్పి తెచ్చుకునేవాడినని తనే చెప్పుకునేవాడు. ఇక్కడ అందరికంటే ముందు మైదానంలో ఉండేవాడు.

చివరి పరీక్ష వచ్చింది. ఊళ్లో ఒక బడికి పోయి, రెండో తరగతి పిల్లలను ఆడించి చూపాలి. ఒక్క పిల్ల ఆడకుండా పక్కన కూర్చున్నా తప్పినట్టే. తప్పితే లీలమ్మకు మళ్లీ మగ్గమే. అందుకని పొద్దున్నే వచ్చి, ఇంటి నుంచి తెచ్చిన దారం రెండు మేకులకు బిగించి, దాని వెంట సున్నం పోసింది. కత్తితో కోసినట్టు పడింది గీత.

“సార్, సూడుండ్రి!” అంది, వెంట వచ్చిన బాబా మియా సారుతో.

సారు చాలాసేపు చూశారు. “సక్కగున్నది బిడ్డా. జర పిల్లలను ఒక్కసారి ఉరికిచ్చి సూడు.”

ఉరికించింది. పర్వతాలు అనే పిల్లవాడు రివ్వున పోయాడు. అందరూ ఆగి వెనక్కి చూస్తుండగా చిట్టచివర సుక్కమ్మ అనే పిల్ల వచ్చింది. వచ్చి, నేరుగా గోడ పక్కన కూర్చుంది.

“నేను ఉరక టీచరమ్మా.”

“ఎందుకే?”

“కడుపు నొస్తాంది.”

లీలమ్మకు బక్కయ్య గుర్తొచ్చాడు. ముందటి ఒంపు గుర్తొచ్చింది. చెట్టు లేని నీడ గుర్తొచ్చింది. గిర్రున సారు వైపు తిరిగింది. ఆయన పని ఉన్నట్టు ఆకాశం చూస్తున్నారు.

గేటు దగ్గర పరీక్షాధికారి స్కూటరు ఆగింది. లీలమ్మ అంత చక్కటి గీతనూ చెప్పుతో చెరిపేసి, డబ్బా అందుకుంది. పర్వతాలు దగ్గర గీత వెనక్కి పోయింది. సుక్కమ్మ కోసం బాగా ముందుకు ఉబికింది.

“సుక్కా, గీడికి రా. గీడ నీడున్నది.”

పిల్ల పైకి చూసింది. నిప్పులాంటి ఎండ. అయినా వచ్చి నిలబడింది.

ఈసారి పిల్లలంతా ఒక్క గుంపుగా తాడు మీద పడ్డారు. “నేనే ముందు!” “నేనే!” అందరికంటే గట్టిగా అరిచింది సుక్కమ్మే. “మల్ల ఉరుకుదాం టీచరమ్మా!”

పరీక్షాధికారి కళ్లజోడు సవరించుకున్నారు. “గీత ఏమిటమ్మా, ఇంత వంకర?”

సుక్కమ్మ పక్కనే నిలబడి వింటోంది. లీలమ్మ నోరు తెరిచేలోపు సారు ముందుకొచ్చారు. “నేను నేర్పిన గీతే సార్. నాకు చెయ్యి వణుకుతది.”

“నాకు గూడ వణుకుతది సార్,” అంది లీలమ్మ.

ఇరవై ఐదుకు ఇరవై రెండు వచ్చాయి. మూడు గీతకు పోయాయి.

ఏడేళ్ల తర్వాత, షాద్‌నగర్ దగ్గర లీలమ్మ పనిచేసే బడిలో, హెడ్మాస్టరు లక్ష్మీనర్సయ్య మైదానం చూసి తల పట్టుకున్నారు.

“పోచంపల్లి బిడ్డవు. గిన్ని వంకర్లేందమ్మా?”

“ఏం జెయ్యాలె సార్. మా సారుకున్న రోగమే, నాకు అంటుకున్నది.”