నాలుగు వేల ఒకటో పోగు

డిగ్రీలో లెక్కలు చదివే రోజుల్లో నాకు మనుషుల కంటే అంకెల మీదే మమకారం ఎక్కువ. గద్వాలలో మా ఇంట్లో మగ్గం టకటకలాడుతుంటే నేను నూలు కండెలు చుడుతూ అంకెల గురించి కలలు కనేదాన్ని. అలా ఒక మధ్యాహ్నం నాలుగు వేల ఒకటి మీద మనసు పడింది. రెండు మొదలు అరవై మూడు దాకా అన్నిటితో భాగించి చూశాను (ఆపైన చూడనక్కర్లేదని తెలుసు, అదో గర్వం). దేనికీ లొంగలేదు. దాని పక్కనున్న నాలుగు వేలు మాత్రం రెండు పిలిచినా, అయిదు పిలిచినా, ఎనిమిది పిలిచినా పోయే రకం. పాపం, మంచిదే, కానీ నాకు నచ్చలేదు.

ఆ వారమే నాయిన అమ్మ కోసం చీర మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లుగా కండెలు చుట్టిన అమ్మకు మా మగ్గం మీది చీర ఒక్కటీ దక్కలేదు, అన్నీ దుకాణాలకే పోయేవి. అక్క నిశ్చితార్థానికి అమ్మ దాన్ని కట్టుకోవాలి. "అంచులు గాక, చీర నడిమికి నాలుగు వేల పోగులు, బిడ్డా. జర పైలం" అని నాయిన పడుగు, అంటే నిలువు పోగులు, పోసే పని నాకప్పగించాడు. నేను నాలుగు వేల ఒకటి పోసి నోరు మూసుకున్నాను. దేనికీ లొంగని సంఖ్య ఒకటి అమ్మ ఒంటి మీద రహస్యంగా ఉండాలని నా ఆశ.

మగ్గానికుండే దువ్వెనను పన్నె అంటాం. దాని ఒక్కో సందులో రెండేసి పోగులు పోవాలి. నాయిన వంచిన నడుం ఎత్తకుండా ఎక్కిస్తే చివరి సందుకు ఒక్క పోగే మిగిలింది. "ఏడనో ఒక పోగు జారింది" అని ఆయన మళ్ళీ మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టాడు. పక్కింటి పెద్దనాయిన వచ్చి లెక్కపెడితే రెండు తక్కువ వచ్చాయి, అమ్మ లెక్కపెడితే అయిదు ఎక్కువ. అలా రెండు రోజులు పోయాయి. నేను మింగలేక కక్కలేక కండెలు చుడుతూ కూర్చున్నాను. మూడో రోజు నాయిన, "ఇది విప్పి కొత్త పడుగు పోద్దాం. నిశ్చితార్థానికైతే అందదు" అన్నాడు. అమ్మ మెల్లగా, "పోనీ తియ్యి, పాతదే కట్టుకుంట" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

"నాయినా, ఏ పోగు జారలేదు. నేనే ఒకటి ఎక్కువ పోసిన."

"ఎందుకే?"

"నాలుగు వేల ఒకటిని ఎట్ల పంచినా సమంగ రాదు నాయినా. గందుకే మంచిగనిపిచ్చింది."

పెద్దనాయిన నెత్తి కొట్టుకున్నాడు. "గీ సదువుకా నువ్వు బస్సు పాసు తీస్తున్నవు?" అని నాయినను అడిగాడు. నాయిన కత్తెర అందుకున్నాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "కొయ్యకు. ఆఖరి జతల కలుపు. పిల్ల ఇష్టపడి పోసింది" అంది. చివరి సందులో మూడు పోగులు సర్దుకున్నాయి. నాయిన పగలు, పొద్దుగూకినాక కూడా నేసి చీరను ముందురోజే దింపాడు.

నిశ్చితార్థంలో మా చిన్నమ్మ కొంగు పట్టి చూసి, "అక్కా, నీ తర్వాత పెద్దదానికిస్తవా, చిన్నదానికిస్తవా?" అని అడిగింది. కూరలో ముక్కయినా తనకుంచుకోకుండా అందరికీ వడ్డించే మా అమ్మ ఆ రోజు కొంగు వెనక్కి లాక్కుంది. "ఎవ్వరికియ్య. ఇది పంచనీకి రాదంట, నా బిడ్డ చెప్పింది."

ఇప్పుడు బడిలో పిల్లలకు ప్రధాన సంఖ్యలు చెబుతుంటాను. నిర్వచనం నల్లబల్ల మీద రాస్తూ అప్పటి నాలోని పిచ్చిపిల్లను తలచుకుని నాలో నేనే నవ్వుకుంటాను. ఆ పిల్ల ఆ లెక్కను కనిపెట్టానని మురిసింది గానీ, దాన్ని వాడుకోవడం తెలిసింది అమ్మకే.