ట్యాంకు మీద ఎర్ర గీత

ఈ బరువు మోయడం నాకు అలవాటైపోయింది. ఏళ్ళ తరబడి మోస్తే ఎవరికైనా అంతే. నడక కాస్త వంకరవుతుంది, చూసేవాళ్ళు వయసనుకుంటారు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్ళకి చెప్పాలంటే ముందు వాళ్ళు కొట్టిన చప్పట్లు తిరిగివ్వాలి. అదెలాగో నాకు తెలియదు.

నాచారంలో అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. ఉప్పల్ నుంచి సైకిల్ మీద వస్తుంటే రోడ్డుకి ఒక పక్క జొన్న చేలు, ఇంకో పక్క పొగ గొట్టాలు. మా ఫ్యాక్టరీలో రెండు ప్లాంట్లు. ఒకదానిలో గంధకం కాల్చి యాసిడ్ చేసేవాళ్ళు. రెండోదానిలో ఆ యాసిడ్‌తో పటిక చేసేవాళ్ళు. మంచినీళ్ళు తేర్చే పటికే. గంధకం కాలే వేడికి బోలెడంత స్టీము పుట్టేది. దాన్ని బుస్సుమని ఆకాశంలోకి వదిలేసేవాళ్ళు. ఇవతల పటిక ద్రావణం మరిగించడానికి బొగ్గు వేసి వేరే బాయిలరు వెలిగించేవాళ్ళు. ఆకాశానికి స్టీముతో ఏం పనో ఎవరూ అడగలేదు. కోస్తా నుంచి ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని కొత్తగా వచ్చినవాణ్ణి, నేనడిగాను. గొట్టం వేయించి ఆ స్టీముని పటిక ప్లాంటుకి మళ్ళించాను. అంతవరకూ గొప్ప నాదే, దాచను. దాచింది వేరే ఉంది.

గొట్టం కలిపితే రెండు ప్లాంట్లూ కలిసిపోతాయనుకున్నాను. మూడు ముళ్ళు పడితే కాపురం దానంతటదే కుదురుతుందనుకునే పెద్దమనిషిలాగా. యాసిడ్ కాస్త ఎక్కువొస్తే పటిక ప్లాంటు ఎక్కువ స్టీము లాగేది. స్టీము లాగేస్తే యాసిడ్ ప్లాంటు తడబడేది. అది తడబడితే యాసిడ్ తగ్గి పటిక ప్లాంటు నీరసపడేది. అలా ఒకదాన్నొకటి ఊపుకుని, చివరికి రెండూ ఆగేవి. మళ్ళీ బొగ్గు బాయిలరు వెలిగించేవాళ్ళం.

ఊగేదానికి మందు క్రమశిక్షణ అని తేల్చాను. ప్లాంట్ల మధ్య యాసిడ్ నిలవ ఉండే ట్యాంకు ఒకటుంది. దాని పక్కన పలక, పలక మీద మట్టం చూపే ముల్లు. సరిగ్గా సగం దగ్గర ఎర్ర గీత గీయించి ఆర్డరు వేశాను: ముల్లు గీత మీదే ఉండాలి, అందుకోసం పటిక ప్లాంటుకి యాసిడ్ వదిలే వాల్వు ఎన్నిసార్లయినా తిప్పాలి.

ట్యాంకు దగ్గర షిఫ్టుకొకరు చొప్పున ముగ్గురు ఆపరేటర్లు. ఇద్దరు బుద్ధిమంతులు. గంటగంటకీ వాల్వు తిప్పి, రిజిస్టరులో "సగం, సగం" అని రాసేవాళ్ళు. మూడోవాడు యాదగిరి. ఉప్పల్ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. అతని పేజీలో మట్టం ఒక గంటకి గీత పైన జానెడు, ఇంకో గంటకి కింద మూరెడు. ఉన్నదున్నట్టు రాశాడు. నేను వెళ్ళి నిలదీశాను.

"ఏమయ్యా, గీత కనబడటం లేదా?"

"కనవడ్తుంది సార్. మస్తు ఎర్రగుంది."

"మరి ముల్లు అక్కడ ఎందుకు లేదు?"

"ఊకూకె వాల్వు తిప్పితే గా పటికోళ్ళు ఆగమైతున్నరు సార్. జర ట్యాంకును సైసనియ్యున్రి. గదే సైస్తది, మీకు ఫికర్ వద్దు."

"సైజా? ఉన్న ట్యాంకు నడపడం చేతకాక పెద్ద ట్యాంకు కావాలా? ఇంజనీరు నువ్వా, నేనా?"

అతను నా ముఖంలోకి చూశాడు. నవ్వు ఆపుకున్నాడేమో.

"మీరే సార్. గందుకే గదా మీకు సెప్తున్న."

ఆ సాయంత్రమే మెమో రాశాను. ఉత్తర్వు ధిక్కరణ, నిర్లక్ష్యం, పై అధికారి పట్ల వెటకారం. మూడోదాంట్లో కొంత నిజముంది. ఫోర్‌మన్ పోస్టుకి యాదగిరే వరసలో ముందున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఎలా రాశాను? కోపంలో రాశాననుకుంటే బాగుండును. కోపం లేదు. చక్కటి చేతిరాతతో, చిత్తుప్రతి కూడా వేసుకుని రాశాను. అతన్ని ట్యాంకు మీంచి తీసి, పటిక బస్తాలు కుట్టే షెడ్డుకి పంపేశారు.

వారం తిరిగిందో లేదో, నా సైకిల్ పంక్చరై ఉప్పల్ బస్టాపులో నిలబడ్డాను. పక్కన ఒకావిడ సంకలో పాప పేచీ పెడుతోంది. "జర సైసు బిడ్డా, బస్సొస్తది" అంటోందావిడ. అక్కడున్న ముసలాయన్ని అడిగాను, సైసు అంటే ఏమిటని.

"ఓర్సుకొనుడు సారూ. గిది గూడ తెల్వదా?"

తెలియదు. వాళ్ళ మాట నాకు రాదని ఒప్పుకోవడం కంటే, వాళ్ళకే మాట రాదనుకోవడం నాకు తేలిగ్గా ఉండేది. సైజు అనలేక సైసన్నాడనుకున్నాను. అతను పెద్ద ట్యాంకు అడగలేదు. ఉన్న ట్యాంకుని ఓర్చుకోనివ్వమన్నాడు. ఇవతలి కుదుపు అవతలికి పోకుండా మధ్యలో భరించడమే కదా ట్యాంకు పని! మట్టాన్ని గీత దగ్గర బిగబట్టి, వచ్చిన ప్రతి కుదుపునీ నేనే పటిక ప్లాంటుకి పంపించాను. అంత ట్యాంకునీ వట్టి గొట్టం చేసి పెట్టాను, పట్టా ఉండి.

బస్సు దిగి నేరుగా రిజిస్టర్ల దగ్గరికి పరుగెత్తాను. యాదగిరి షిఫ్టుల్లో మట్టం ఊగింది. స్టీము ప్రెషరు ఊగలేదు. అతని షిఫ్టులో బొగ్గు బాయిలరు ఒక్కసారీ వెలగలేదు.

మర్నాడు ఎర్ర గీత చెరిపించాను. కింద ఒకటి, పైన ఒకటి గీయించి, రెంటి మధ్యా ముల్లు ఎక్కడ తిరిగినా వాల్వు ముట్టుకోవద్దని ఆర్డరు వేశాను. ఆ తర్వాతది ఎంత చెప్పినా తక్కువే. ముల్లు గుడి ఏనుగులా తాపీగా పైకీ కిందికీ తిరిగింది. స్టీము ప్రెషరు చూపే ముల్లు మాత్రం మేకు కొట్టినట్టు నిలబడింది. యాసిడ్ ప్లాంటు వేడి, పటిక ప్లాంటు కడుపులోకి రోజులకి రోజులు నిలకడగా పారింది. బొగ్గు బాయిలరు చల్లారిపోయింది. మేనేజరు వచ్చి, పిల్లాడి జ్వరం చూసినట్టు దాని గోడ మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉందయ్యా!" అని అరిచాడు. బొగ్గు వేసే ఆయన పనిలేక పారకి తలానించి నిద్రపోతే ఎవరూ లేపలేదు. పక్క ఫ్యాక్టరీల వాళ్ళు వచ్చి పొగ లేని మా గొట్టాన్ని తలెత్తి చూసి వెళ్ళారు. నా బతుకులో అంతటి ఆనందం మళ్ళీ చూడలేదు. అబద్ధమెందుకు, ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్ళు పులకరిస్తోంది.

సభ పెట్టారు. "ఎలా తట్టిందయ్యా నీకు?" అన్నాడు మేనేజరు మైకులో.

"కొంచెం ఓపిగ్గా ఆలోచించానండీ," అన్నాను.

వెనక వరసలో యాదగిరి, మోచేతుల దాకా పటిక పొడితో, చప్పట్లు కొడుతున్నాడు. నా కోసమా? ప్లాంట్ల కోసమనుకుంటాను. అవి నడుస్తున్నాయి కదా, అతనికి అది చాలిందేమో. నాకు చాలలేదు, అందుకే కదా ఆ మాటన్నాను.

మెమో రేపు వెనక్కి తీసుకుందామనుకున్నాను. తీసుకోవాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే ఎర్ర గీత ఎవరిదో రాయాలి. మరుసటేడు ఫోర్‌మన్ పోస్టుకి ఇంటర్వ్యూ చేసే బోర్డులో నన్నూ కూర్చోబెట్టారు. యాదగిరి ఫైలు తెరిస్తే నా చేతిరాతే పైన ఉంది. "ట్యాంకు దగ్గర నిర్లక్ష్యం చేసింది ఇతనేనా?" అని చైర్మన్ నన్నడిగాడు. యాదగిరి ఎదురుగానే కూర్చున్నాడు. కాదు అనడానికి రెండక్షరాలు చాలు. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. శుభ్రంగానే ఉంది, అయినా తుడిచాను. పోస్టు ఇంకొకరికి వెళ్ళింది. అతను బస్తాలు కుడుతూనే రిటైరయ్యాడు. వీడ్కోలు సభ నాడు నాకు జ్వరమని కబురు పంపాను. జ్వరం కూడా నాకు సహకరించలేదు, రాలేదు.

ఇప్పుడతను లేడు. ఉంటే వెళ్ళి చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణని రాయబోయి ఆగాను. మీరు క్షమించినా, క్షమించే హక్కు మీది కాదు, అతనిది. కాబట్టి అడగను. రికార్డు మాత్రం సరిచేస్తాను.

ఆ రెండు ప్లాంట్లనూ కలిపి నడిపించిన మనిషి యాదగిరి, ట్యాంకు ఆపరేటరు. అతని మీద రాసిన మెమో అబద్ధం. రాసింది నేను.

మళ్ళీ చదువుకున్నాను. ఒక్క ముక్క కూడా కొట్టెయ్యాలనిపించలేదు.