తెల్ల టవల్ వేసిన కుర్చీ

పెద్దలకీ, పిన్నలకీ, ముఖ్యంగా మన ఫ్యామిలీ గ్రూపు అడ్మిన్లకీ సాష్టాంగపడి ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇలాంటి రోజున ఇలాంటి పోస్ట్ పెట్టకూడదు. చేతులు వణుకుతుండగా రాస్తున్నాను.

(వణకడం లేదు.)

నిన్న పొద్దున్నే నాన్న ఫోన్. "చిన్నతాత పోయాడ్రా."

షాక్. నిజంగానే షాక్.

యముడొచ్చినా ఆయన రిసెప్షన్‌లో నిలబెట్టి వెయిట్ చేయిస్తాడనుకున్నాను.

మధ్యాహ్నానికల్లా అందరి స్టేటస్సుల్లో ఒకే ఫొటో. మెడలో శాలువా, చేతిలో మెమెంటో. కింద: "విశాఖ హోటల్ రంగంలో మహిళా సాధికారతకు ఆద్యుడు."

ఆ సాధికారత ఎవరికి దక్కిందో తెలుసా?

మా మామ్మకి. నాన్న వాళ్లమ్మ. చిన్నతాతకి స్వయానా వదిన.

స్టీల్ ప్లాంట్ కడుతున్న రోజులు. ఊరి నిండా బయటి ఇంజినీర్లు. చిన్నతాత హోటల్లో రూములు ఖాళీ లేవు, ఆయన నోట్లో ఇంగ్లిష్ లేదు. గోదావరి జిల్లా నుంచి డిగ్రీ పట్టుకుని కాపురానికొచ్చిన వదిన కనిపించింది.

"నాలుగు రోజులు కౌంటర్ చూసిపెట్టు వదినా" అన్నాడు.

ఆ నాలుగు రోజులు మామ్మ జుట్టు తెల్లబడేదాకా అయిపోలేదు. బుకింగులు ఆవిడవే, వంటవాళ్లతో గొడవలు ఆవిడవే, నీళ్లు రాలేదని గెస్టులు తిడితే ఆ తిట్లూ ఆవిడకే. మేనేజర్ బోర్డు మాత్రం వెనక కేబిన్‌కి, ఆయన పేరు మీద. లోపల రివాల్వింగ్ కుర్చీ. దాని మీద తెల్ల టవల్. అది రోజూ మార్పించే పని కూడా మామ్మదే.

కౌంటర్ దగ్గర మాత్రం కుర్చీ లేదు.

"అబ్బాయ్, కనీసం ఒక స్టూలైనా వేయించు" అందట మామ్మ.

"రిసెప్షన్‌లో ఆడమనిషి కూర్చుంటే గెస్ట్‌కి మర్యాదేం ఉంటుంది వదినా?"

అప్పుడు మా నాన్న ఆవిడ కడుపులో ఉన్నాడు. నెలలు నిండుతున్నాయి. అంటే మా నాన్న కూడా ఆ హోటల్లో నైట్ షిఫ్ట్‌తో సహా ఫ్రీగా చేశాడు. ఆయనకి ఏ శాలువా కప్పలేదు.

జాలరిపేట నుంచి నూకాలమ్మ అని ఒకావిడ రోజూ వంటింటికి చేపలు వేసేది. ఒకరోజు మామ్మ కాళ్లు చూసింది. చేపలు వంటింట్లో గుమ్మరించి, ఖాళీ గంపతో తిన్నగా రిసెప్షన్‌లోకొచ్చి, దాన్ని బోర్లించింది.

"ఏటమ్మా, కాళ్లలా పొంగిపోనాయి? కూకో ముందు."

మామ్మ కూర్చుంది.

కేబిన్లోంచి చిన్నతాత పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్, ఏంటిది? గెస్టులొచ్చే చోట చేపల కంపా?"

"ఏటి బావూ, పులుసెట్టితే గిన్ని నాకీసినప్పుడు రాని కంపు, గంప మీద కూకుంటే వత్తాదేటి మీ గెస్టులకి?"

"ఆడమనిషి అలా కూర్చుంటే నా హోటల్ పరువేం కాను?"

"నువ్వు పొద్దల్లా కూకునే ఉంటావు గదా, మరి నీ పరువేటైపోనాది?"

అప్పుడే ఒక రష్యన్ ఇంజినీర్ వచ్చి తాళంచెవి అడిగాడు. మామ్మ కూర్చునే ఇచ్చింది. ఆయన థాంక్స్ చెప్పి మేడెక్కిపోయాడు. మర్యాద ఎక్కడా కిందపడి పగల్లేదు.

మర్నాటి నుంచి నూకాలమ్మ చేపలు బంద్. మామ్మ మళ్లీ నిలబడింది. నాన్న పుట్టాకా నిలబడింది. మోకాళ్లు అరిగిపోయాకా నిలబడింది. ఒకసారి, మేనేజర్ పని చేస్తున్నది నేనే కదా, ఆ పేరూ నాకే ఇవ్వమని అడిగింది. "స్టాఫ్ మాట వినరు వదినా" అన్నాడు. ఆ స్టాఫ్ అప్పటికి ఆవిడ మాట తప్ప ఎవరి మాటా వినేవారు కాదు.

ఆ తర్వాతే శాలువా.

ఆయన మంచితనం గురించి నాలుగు ముక్కలు రాయమని బాబాయ్ అడిగాడు. వెతుకుతున్నాను బాబాయ్. దొరికితే కామెంట్లో పెడతాను.

నిన్న ఫ్రీజర్ బాక్స్ చుట్టూ ఇంటి ఆడవాళ్లంతా కింద కూర్చున్నారు. మామ్మ కింద కూర్చోలేదు, మోకాళ్లు వంగవు. ప్లాస్టిక్ కుర్చీలన్నీ బయట టెంటు కింద మగవాళ్లకి. గోడకి ఆనుకుని నిలబడింది.

ఆయన పోయాక కూడా ఆయన పక్కన నిలబడింది.

కాసేపటికి ఆవిడ వెనకాల ఒక కుర్చీ ప్రత్యక్షమైంది. రివాల్వింగ్‌ది. తెల్ల టవల్‌తో సహా.

మామ్మ దాన్ని చాలాసేపు చూసింది. కూర్చుంది. మెల్లగా అటోసారి, ఇటోసారి తిప్పింది.

"ఇంత మెత్తగా ఉంటుందట్రా ఇది?" అంది.



అప్పట్నుంచి గ్రూపులో ఒకటే ఎంక్వైరీ. శవం పక్కకి ఆఫీసు కుర్చీ తెచ్చిన అప్రాచ్యుడెవడు అని. పాపం టెంట్ హౌస్ వాళ్లని తిడుతున్నారు. వాళ్లని వదిలేయండి.

హోటల్‌కి వెళ్లి, కేబిన్ తీయించి, ఆ కుర్చీని ఆటోలో వేసుకొచ్చింది నేనే.

శాంతిగా పడుకో చిన్నతాతా. మామ్మ కూర్చుంది.