నేలలో పద్దెనిమిది దీపాలు

మా మ్యూజియంలో అడుగు పెట్టినవాళ్ళకి మొదట వినిపించేది తెక్లా పిన్ని గొంతు.

“కాళ్ళు ఎత్తకండి. ఈడ్చండి. ఇంట్లో ఇలా నడిస్తే మీ అమ్మ తిడుతుందేమో, ఇక్కడ ఎత్తితే నేను తిడతాను.”

కోట్లు తగిలించే గది పక్కన ఆమె బల్ల. బల్ల వెనక మూడు అరల్లో దట్టమైన ఉన్ని చెప్పులు, మొత్తం అరవై నాలుగు జతలు. బూట్లు విప్పే పనిలేదు. బూటుతో సహా కాలు అందులో దూర్చి, మడమ వెనక పట్టీ లాక్కుంటే చాలు. పై అర పిల్లలది, మధ్య అర మనుషులది, కింది అర పోలీసులది. ఈ పేర్లు ఆమె పెట్టినవే. నేను గైడుగా చేరి పదకొండేళ్ళయింది, ఇన్నేళ్ళలో మా మ్యూజియానికి ఒక్క పోలీసూ రాలేదు. అయినా కాస్త పెద్ద పాదాలతో ఎవరు కనిపించినా, “నువ్వు కింద పోలీసుల అరలో చూసుకో నాయనా” అనేది.

మా ఊళ్ళో బయటివాళ్ళు చూడదగ్గవి మూడే. పాత కోటలో మిగిలిన ఒక బురుజు, సంత వీధిలో సీసాలతో సహా అలాగే ఉంచిన పాతకాలపు మందుల దుకాణం, బూహ్ నది మలుపులో గట్టు మీద ఉన్న మా మేడ. ఒక చక్కెర ఫ్యాక్టరీ యజమాని కట్టించుకున్న ఇల్లు అది. యుద్ధంలో ఆసుపత్రి అయింది, తర్వాత పిల్లల క్లబ్బు అయింది, ఆ తర్వాత మ్యూజియం. గదుల్లో కుర్చీలు, పటాలు అక్కడి నుంచీ ఇక్కడి నుంచీ తెచ్చి పెట్టినవే. ఆ ఇంటిదంటూ మిగిలింది పై అంతస్తు డాన్సు హాలులో నేల ఒక్కటే. ఓక్, వాల్‌నట్, మేపుల్, నది అడుగున వందల ఏళ్ళు నాని నల్లబడ్డ ఓక్, ఇన్ని రకాల చెక్క ముక్కలు పొదిగి, నడిమధ్య పదహారు కోణాల నక్షత్రం తీర్చారు. దానికి సరిగ్గా పైన పద్దెనిమిది బల్బుల షాండ్లియర్.

తెక్లా పిన్ని కొలత ఆ షాండ్లియరే. సాయంత్రం తలుపులు మూసే ముందు హాలు గుమ్మంలో నిలబడి నేలలో దీపాలు లెక్కపెట్టేది. పద్దెనిమిదీ విడివిడిగా కనిపిస్తే నేల బాగున్నట్టు. రెండు కలిసిపోయి కనిపిస్తే మర్నాడు ఏ స్కూలు వాళ్ళొస్తారా అని ఎదురుచూసేది.

“పెద్దవాళ్ళు నడుస్తారు, పిల్లలు రుద్దుతారు” అనేది.

ఆమెది నది అవతలి పల్లె. పదిహేడో ఏట మా ఊరి చక్కెర ఫ్యాక్టరీలో చేరింది. బీట్ దుంపల పానకం వడగట్టే గుడ్డలు కుట్టే విభాగంలో ముప్పై మూడేళ్ళు పనిచేసింది. ఫ్యాక్టరీ మూతపడి యంత్రాలు తుక్కు కింద పోయినప్పుడు, పెద్ద సూది, అరచేతికి కట్టుకునే తోలు ముక్క, మిగిలిపోయిన గుడ్డ తానులు రెండు ఇంటికి తెచ్చుకుంది. ఆ ఏడే మ్యూజియంలో కోట్లు చూసుకునే పని దొరికింది. అప్పటి చెప్పులు చిరిగి పీలికలై ఉండేవి, జనం దారాలతో కట్టుకుని తిరిగేవారు. మొదటి శీతాకాలంలోనే అన్నీ కొత్తగా కుట్టేసింది. పల్లెలో ఇల్లిల్లూ తిరిగి పాత ఉన్ని బూట్లు అడిగి తెచ్చి అడుగుభాగానికి వాడింది, పైభాగానికి ఫ్యాక్టరీ గుడ్డ.

“చక్కెర పానకం వడగట్టే గుడ్డ ఇది. మీ బూట్లకి ఎక్కువే” అని కొత్తవాళ్ళతో అనేది.

నేలకి ఏడాదికి రెండుసార్లు తేనెమైనం పట్టించేది. జనం ఈడ్చే ఉన్ని చెప్పులే దాన్ని రుద్ది రుద్ది మెరిపించేవి. మైనం ఆమె భర్త యోసిప్ తేనెటీగల పెట్టెల్లోంచి. వాళ్ళ వంటగదిలో, పొయ్యి మీద నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి మైనం కరిగిస్తుంటే ఒకసారి నేను అక్కడే ఉన్నాను. యోసిప్ టీ గ్లాసు పట్టుకుని నావైపు తిరిగాడు.

“అడుగమ్మా మీ పిన్నిని. పెళ్ళయి నలభై ఏళ్ళు, మా ఇంటి నేలకి ఒక్కనాడైనా మైనం పూసిందేమో.”

“మనింటికి టికెట్ కొనుక్కుని ఎవరొస్తున్నారు?” అంది తెక్లా పిన్ని, గరిట తిప్పుతూనే.

ఆ వసంతంలో సమస్య మొదలైంది. కొత్త డైరెక్టర్ ఒరెస్ట్ మిరోనోవిచ్ వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. చెడ్డవాడు కాదు. పదేళ్ళుగా కారుతున్న పైకప్పు బాగుచేయించింది అతనే. సందర్శకుల పుస్తకంలో ఎవరో రాశారు: “వేలమంది తొడిగి విడిచిన చెప్పులు మేమూ తొడుక్కోవాలా? ఏ కాలంలో ఉన్నారు?” డైరెక్టర్ ఆ పేజీ తెచ్చి తెక్లా పిన్ని బల్ల మీద పెట్టాడు.

“చదివారా, తెక్లా ఒమెల్యానివ్నా?” తండ్రి పేరు కూడా కలిపి ఆమెను అంత మర్యాదగా పిలిచేది అతనొక్కడే.

“చదివాను. కాళ్ళకి కాదుగా, బూట్లకేగా. బూటుకి ఏం అసహ్యం?”

“నవ్వులాట కాదు. అన్నిచోట్లా ఇప్పుడు ప్లాస్టిక్ తొడుగులే. శుభ్రం, తేలిక.”

“మరి నేలని ఎవరు రుద్దుతారు?”

“దానికి వార్నిష్ ఉంది. రికార్డులో నేను చూశాను.”

రికార్డులో ఉన్న మాట నిజమే. మ్యూజియం తెరిచిన ఏడాది ఎవరో “హాలు నేల: వార్నిష్ చేయబడినది” అని రాసి పెట్టారు. నేల మెరుస్తోంది కాబట్టి వార్నిష్ అనుకుని ఉంటారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా దాన్నే చూసి రాసుకుంటూ పోయారు. తెక్లా పిన్ని వాదించలేదు. అరవై నాలుగు జతలూ ఉతికి, ఆరబెట్టి, పురుగు పట్టకుండా మధ్య మధ్య మాచిపత్రి కొమ్మలు పెట్టి, మెట్ల కింద పెట్టెలో సర్దింది.

గుమ్మం దగ్గర ఒక యంత్రం వెలిసింది. అందులో కాలు పెడితే టప్పుమని నీలం తొడుగు బూటుని పట్టేసుకుంటుంది. “ఎలుకల బోనులా ఉంది” అంది తెక్లా పిన్ని. మడమ ఎత్తు బూట్లు వేసుకున్న ఆడవాళ్ళు రెండో గదికి చేరేలోపు తొడుగులకి చిల్లులు పడేవి. ఆ చిల్లుల్లోంచి వీధి ఇసుక నేల మీదికి దిగేది. ఆమె సాయంత్రాలు గుమ్మంలో నిలబడటం మాత్రం మానలేదు. జూన్‌లో “పద్నాలుగు” అంది. ఆగస్టులో “తొమ్మిదేమో” అంది. అక్టోబరు వచ్చేసరికి నేలలో దీపాలన్నీ కలిసిపోయి పసుపు మరక ఒక్కటే మిగిలింది.

మరక డైరెక్టర్‌కీ కనిపించింది. వార్నిష్ అరిగిపోయిందని నిర్ణయించి, జిల్లా కేంద్రం నుంచి హావ్రిలో అనే చెక్కపని మేస్త్రీని పిలిపించాడు. పైపొర మెషీన్‌తో గీకేసి కొత్త వార్నిష్ వేయించాలని డైరెక్టర్ ఆలోచన. హావ్రిలో హాలులో మోకాళ్ళ మీద కూర్చుని, గుమ్మం దగ్గర చెక్కల సందులో కత్తి మొన దూర్చి లోతు చూశాడు. గోటితో గీరాడు. గోటి కింద చేరినదాన్ని వాసన చూశాడు.

“డైరెక్టర్ గారూ, దీనికి వార్నిష్ ఎప్పుడూ వెయ్యలేదు. ఇది మైనం.”

“రికార్డులో ఉంది.”

“రికార్డుని గీకమంటే గీకుతాను.” అతను లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. “చెక్క మందం మూడు మిల్లీమీటర్లు. ఆ నక్షత్రంలో మేపుల్ గీతలు అంతకన్నా పల్చన. మెషీన్ పెడితే నేల మిగులుతుంది, నక్షత్రం మాత్రం చెప్పలేను. మీరు పెట్టమంటే పెడతాను.”

ఒరెస్ట్ మిరోనోవిచ్ నేల వైపు చూశాడు. వచ్చే వసంతంలో మేడ కట్టి నూట యాభై ఏళ్ళయిన వేడుక ఉంది. పై ఊళ్ళ అతిథులకి ఉత్తరాలు అప్పటికే వెళ్ళాయి. ఈ నేలతో వాళ్ళ ముందు నిలబడలేడు.

గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ తెక్లా పిన్ని అప్పుడు మాట్లాడింది.

“నికోలాయ్ తాత పండగ దాకా ఆగండి.”

“ఆగితే?”

“పద్దెనిమిది దీపాలూ కనిపిస్తాయి.”

“కనిపించకపోతే?”

“చెప్పులన్నీ నేనే తీసుకెళ్ళి మా పొయ్యిలో వేసుకుంటాను. ఈ మేస్త్రీని పిలిపించుకోండి.”

హావ్రిలో నవ్వి కత్తి మూశాడు. “నన్ను పిలవకపోతే నాకే సంతోషం అమ్మా. నక్షత్రాన్ని పాడుచేశానన్న మాట నాకెందుకు?”

పిల్లల దిండ్ల కింద బహుమతులు పెట్టే ఆ పండగకి అయిదు వారాలే ఉన్నాయి. సోమవారం మాకు సెలవు. ఆ రోజు నేనూ, ఆమే, యోసిప్ ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చుని ముందు తడిగుడ్డతో ఇసుక తీశాం, తర్వాత మైనం పట్టించాం. హాలంతా తేనెవాసన. మంగళవారం పొద్దున ఆమె పెట్టె తెరిచి చెప్పులు అరల్లో సర్దింది. మాచిపత్రి ఆకులు దులిపి, ఊళ్ళో ఉన్న నాలుగు స్కూళ్ళకీ ఫోన్ చేసింది.

నేను హాలులో పిల్లల్ని నిలబెట్టి చక్కెర ఫ్యాక్టరీ యజమాని కథ మొదలుపెడితే, వెనకనుంచి ఆమె గొంతు.

“నీ చరిత్ర రెండు నిమిషాల్లో చెప్పెయ్యమ్మా. పిల్లలకి పనుంది.”

“బామ్మా, పరిగెత్తొచ్చా?” అని అడిగాడు ముందు వరసలో ఒకడు.

“పరిగెత్తితే చెవి మెలిపెడతాను. జారొచ్చు. కిటికీ నుంచి ఆ చలికాచుకునే పొయ్యి దాకా, ఇద్దరిద్దరు. నక్షత్రం మీదికి రాగానే గుండ్రంగా తిరగాలి. ఊఁ, పదండి!”

అలా రోజుకి రెండు క్లాసులు, ఒక్కోరోజు మూడు. టీచర్లు మొదట గోడలకి అతుక్కుని నిలబడేవారు. రెండోవారానికి వాళ్ళూ జారడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం ఫ్యాక్టరీలో ఆమెతో గుడ్డలు కుట్టిన ఆడవాళ్ళు పదకొండు మంది, మంచి రుమాళ్ళు తలకి కట్టుకుని వచ్చారు. ఊళ్ళోనే పుట్టి పెరిగినా వాళ్ళలో సగంమంది మేడలోకి రావడం అదే మొదలు. చేతులు చేతులు పట్టుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ, హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి జారారు.

“ఇదా తెక్లా నువ్వు చేసే ఉద్యోగం!” అంది ఒకామె ఆయాసపడుతూ. “మాకెందుకు చెప్పలేదే? ఫ్యాక్టరీ మూసిన రోజే మేమూ నీ వెంట వచ్చేసేవాళ్ళం!”

“మాటలాపి కాలు ఈడ్చు. ఆ మూల వదిలేశావు.”

ఒరెస్ట్ మిరోనోవిచ్ తన గదిలోంచి ఈ సందడి వింటూనే ఉన్నాడు. పైకి మాత్రం రాలేదు. యంత్రాన్ని ఎవరూ తీసెయ్యమనలేదు, ఎవరూ వాడలేదు. సాయంత్రాలు తెక్లా పిన్ని గుమ్మంలో నిలబడి లెక్కపెట్టేది, ఎంతో చెప్పేది కాదు. నేను అడిగితే, “తొందరేం? పండగ రానీ” అనేది. చివరి వారంలో మాత్రం ఆమె భోజనం సరిగ్గా ముట్టడం లేదని, ఇంటి నుంచి తెచ్చిన వరెనికీలు, బంగాళదుంప కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటివి, నాకే పెట్టేస్తోందని గమనించాను.

పండగ ముందురోజు, నాలుగింటికే చీకటి పడుతుండగా, డైరెక్టర్ తన గదిలోంచి ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె అతని బూట్ల వైపు చూసి మధ్య అరలోంచి ఒక జత తీసి ముందు పెట్టింది. అతను తొడుక్కుని మెట్లెక్కాడు, వెనకే మేమిద్దరం. హాలులో మొదటి అడుగు ఎత్తి వేశాడు, ఆమె దగ్గింది, రెండోది ఈడ్చాడు. నక్షత్రం అంచుదాకా వెళ్ళి ఆగాడు. నేను స్విచ్చి వేశాను.

నేల అడుగున ఇంకో హాలు వెలిగినట్టయింది.

అతను వేలు చూపిస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. ఆగాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

“పదిహేడు” అన్నాడు మెల్లగా. అతని గొంతులో గెలిచిన ధ్వని లేదు. “రెండుసార్లు చూశాను, తెక్లా ఒమెల్యానివ్నా. పదిహేడే ఉన్నాయి.”

ఆమె నేలవైపు చూడనే లేదు.

“పైకి చూడండి. ఒక బల్బు మాడిపోయింది. మంగళవారం నుంచి చెప్తున్నాను, నిచ్చెన తెచ్చేవాళ్ళే లేరు.”

ఒరెస్ట్ మిరోనోవిచ్ తలెత్తి చూశాడు. తర్వాత మళ్ళీ నేలవైపు చూశాడు. కాళ్ళు ఈడ్చుకుంటూనే మెట్లదాకా వెళ్ళి కిందికి దిగాడు. కాసేపటికి కొత్త బల్బు జేబులో వేసుకుని, మడతనిచ్చెన తానే భుజాన పెట్టుకుని మోసుకొచ్చాడు.

తెక్లా పిన్ని గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది. కిందికెళ్ళి పిల్లల అరలోంచి రెండు జతలు తెచ్చి, నిచ్చెన నాలుగు కాళ్ళకీ తొడిగి, పట్టీలు మడమ వెనక్కి లాగి చూసి, అప్పుడు దాన్ని లోపలికి రానిచ్చింది.